పగిలే స్వరం, పడుకున్న వీధి

నరసరావుపేటలో మా వెనక గది పది అడుగులకి పన్నెండు. కింద మాచర్ల నాపరాళ్లు, పైన స్లాబు, ఒక గోడ నిండా మా అమ్మ స్టీలు సామాన్లు. పదిహేను వాట్ల వాల్వు గిటార్ ఆంప్లిఫయర్ ఆ గదిలో పెట్టి మొదటిసారి వాల్యూమ్ మూడుకి తిప్పితే గిటార్ కంటే ముందు గ్లాసులు మోగాయి. ఐదుకి తిప్పాను. అప్పుడు వచ్చింది, ఎన్నాళ్లుగానో రికార్డుల్లో విని కోరుకున్న ధ్వని. తీగ మీటగానే అంచు కాస్త చిట్లి, సాగేకొద్దీ పాటలా మారే బొంగురు. పది నిమిషాలు కాకముందే పక్కింటి పిన్నిగారు గోడ అవతల నుంచి పిలిచారు. "అబ్బాయ్, మీ బాబాయి రాత్రి డ్యూటీ చేసొచ్చి ఇప్పుడే నడుం వాల్చారయ్యా." ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే వెంటనే కట్టేశాను.

వాల్యూమ్ ఒకటికి దించి మళ్లీ వాయిస్తే అవే స్వరాలు వచ్చాయి గానీ బొంగురు లేదు. వాల్వు ఆంప్ కొన్న ప్రతివాళ్లకీ ఎదురయ్యే చిక్కే ఇది. అరవై ఏళ్లుగా ప్రపంచమంతటా మనుషులు దీనికి విరుగుళ్లు వెతుకుతున్నారు. వాటిలో చాలావాటిని నేను చేత్తో ముట్టి చూశాను, కొన్నింటికి డబ్బు తగలేశాను. ఏ మందు ఏ జబ్బుకి పనిచేస్తుందో, పల్నాడు ఇళ్లలో, ఇక్కడి ఎండలో, ఇక్కడి కరెంటు మీద ఏది నిలుస్తుందో విడమరిచి చెప్పాలని చాలా రోజులుగా ఉంది.

కారెంపూడిలో కార్తీకమాసపు వీరుల ఉత్సవాల్లో పల్నాటి కథ పాడేవాళ్లను దగ్గర నుంచి విన్నవాళ్లకి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. కథ యుద్ధంలోకి వెళ్లేసరికి పాడేవాడి గొంతు పైకి లేచి, తన శక్తి చివర తాకి, అక్కడ జీరపోతుంది. ఆ జీరలోనే వీరం ఉంది. అదే పాటను ఇంట్లో కూర్చోబెట్టి మెల్లగా పాడమంటే మాటలు వస్తాయి, రాగం వస్తుంది, జీర రాదు. దమ్ము చివరిదాకా వెళితేనే అది పుడుతుంది. వాల్వు కథా అంతే.

గాజు బుడ్డిలో ఎర్రగా కాగే తీగ, ఎలక్ట్రాన్లను వదిలే కాథోడ్, వాటిని అందుకునే ప్లేటు, రెండింటి మధ్య జల్లెడలాంటి గ్రిడ్. గ్రిడ్‌కి అందిన చిన్న కదలిక ప్లేటు దగ్గర పెద్దదవుతుంది. వాల్వు ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ అడిగితే తరంగం కొనలు అణిగిపోతాయి. అణిగిన తరంగంలోంచి అసలు తీగలో లేని పైస్థాయి స్వరాలు పుడతాయి, మెల్లటి మీటుకీ గట్టి మీటుకీ మధ్య దూరం తగ్గుతుంది, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. మన మైక్ సెట్ల వాళ్లు దీన్నే "సౌండ్ పగులుతోంది" అంటారు. వాళ్ల పనికి అది జబ్బు. గిటారిస్టుకి అదే ప్రాణం.

అయితే ఈ పగలడం ఒక్కచోట జరగదు. విరుగుడు కోసం వెతికేవాళ్లలో నూటికి తొంభైమంది పొరబడేది ఇక్కడే. ముందు 12ఏఎక్స్7 లాంటి చిన్న వాల్వుల దగ్గర ఒక రకం పగులు వస్తుంది, సన్నగా, ఇసుక రాలినట్టు. తర్వాత సంకేతాన్ని రెండు ఎదురు ముఖాలుగా చీల్చే ఫేజ్ ఇన్వర్టర్ దగ్గర మరో రకం. ఆ తర్వాత ఈఎల్84, ఈఎల్34, 6ఎల్6 లాంటి పవర్ వాల్వులది లావుపాటి, కండగల పగులు. వాటి వెనక ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము కూడా తన వంతు కలుపుతుంది. వాల్వు రెక్టిఫయర్ ఉన్న సెట్లలో గట్టిగా మీటినప్పుడు లోపలి వోల్టేజి ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. వేలికింద తీగ మెత్తబడినట్టు అనిపించేది అందుకే. చివర స్పీకర్. దాని పేపరు, కాయిలు కూడా పెద్ద శబ్దం దగ్గర తమ పద్ధతిలో వంగుతాయి. ఇవన్నీ దాటాక చెవి ఉంది, దాని సంగతి తర్వాత. ఇప్పటిదాకా వచ్చిన ఉపాయాల్లో చాలావరకు ఈ వరసలో కొన్నింటిని కాపాడి, కొన్నింటిని వదిలేస్తాయి. నీకు నచ్చింది ఏ దశ పగులు అన్నది తేలకుండా డబ్బు పెడితే దండగ.

లెక్క కూడా చూడాలి. గిటార్ స్పీకర్లు చాలా చురుకైనవి. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్ దాకా పలుకుతాయి. నా పదిహేను వాట్లకి అది కనీసం 109 దగ్గరికి చేరుతుంది. ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకునే స్థాయి 60, 65 మధ్య. అక్కడికి దిగాలంటే స్పీకర్‌కి చేరాల్సింది ఒక వాట్‌లో రెండు వేలవ వంతు. కాబట్టి వంద వాట్లది అమ్మేసి యాభై వాట్లది కొంటే ఒరిగేది 3 డెసిబెల్, చెవికి తెలిసీ తెలియనంత. పది వాట్లకి దిగితే 10 డెసిబెల్, అప్పుడు మోత సగమైనట్టు వినిపిస్తుంది. "ఒక వాట్ ఆంప్ ఇంట్లోకి సరిపోతుంది" అని కొట్లో చెబితే నమ్మకండి. ఒక వాట్‌ని పూర్తిగా పలికిస్తే పెళ్లి బ్యాండు గదిలోకి వచ్చినట్టే ఉంటుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకి పెట్టిన హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెల్. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ఆ కొలత బయటిది, నా గదిలోది కాదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ చాలా మోతను ఆపుతుంది, నిజమే. కానీ రెంటచింతల ఎండ పల్నాడంతా కాసే మే నెలలో కిటికీ మూసుకుని ఎవరు కూర్చుంటారు? తెరిచిన కిటికీ ముందు గోడ మందం ఎంతైనా ఒకటే.

అసలు ఇంత పెద్ద ఆంప్‌లు ఎందుకు పుట్టాయో తెలిస్తే సగం భ్రమ వదులుతుంది. లండన్‌లో డ్రమ్ముల కొట్టు నడిపే జిమ్ మార్షల్ 1960ల మొదట్లో అమెరికా ఫెండర్ బాస్‌మన్ నమూనా మీద తన మొదటి ఆంప్ చేశాడు. దశాబ్దం మధ్యకొచ్చేసరికి ది హూ బృందం పీట్ టౌన్‌సెండ్ లాంటివాళ్లు వంద వాట్లు అడిగారు. ఎందుకంటే ఆ రోజుల్లో హాలు మైక్ వ్యవస్థ గాయకుడి గొంతుకే చాలీచాలకుండా ఉండేది, గిటార్‌ని మోసే స్థితిలో లేదు. వెనక వరుసదాకా వినబడాల్సిన భారమంతా గిటారిస్టు వెనకున్న పెట్టె మీదే. పగులు ఆ మోతతోపాటు దొరికిన వరం. 1966లో జాన్ మాయల్ బృందంతో ఎరిక్ క్లాప్టన్ స్టూడియోలో రికార్డు చేసేటప్పుడు వేదిక మీద వాయించినంత గట్టిగానే వాయిస్తానని పట్టుబట్టాడు. ఆ రికార్డు చూపించిన దారిలో రాక్ గిటార్ ధ్వని మారిపోయింది.

కానీ అదే క్లాప్టన్ 1970లో 'లేలా' రికార్డుకి వాడింది ఐదు వాట్ల ఫెండర్ చాంప్, చిన్న సూట్‌కేసంత పెట్టె. లెడ్ జెపెలిన్ మొదటి రికార్డులో జిమ్మీ పేజ్ వెనకున్నది పెద్ద మార్షల్ గోడ కాదు, చిన్న సుప్రో. వినేవాడికి వాట్లు కనబడవు. మైక్ దగ్గర పెడితే చిన్న పెట్టె కూడా కొండంత పలుకుతుంది.

కోటప్పకొండ తిరునాళ్లలో ఇది ఏటా కళ్లముందు జరిగేదే. శివరాత్రికి చిలకలూరిపేట, నరసరావుపేట వైపు ఊళ్ల నుంచి వచ్చే విద్యుత్ ప్రభల ముందు రాత్రంతా ఆర్కెస్ట్రాలు నడుస్తాయి. అక్కడ మోత బాధ్యత సౌండ్ సిస్టం వాళ్లది. గిటారిస్టు తెచ్చింది ఐదు వాట్లదా యాభై వాట్లదా అన్నది జనానికి తెలిసే అవకాశమే లేదు. చర్చిల్లోనూ అంతే. జర్మనీలో పుట్టి అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరుకి, ఆ దశాబ్దం చివర గురజాలకి వచ్చి పనిచేశాడు. ఆయన నాటిన సంఘాల్లో ఇవాళ కీబోర్డు, ప్యాడ్లు, గిటార్ లేని ఆదివారం తక్కువ. పల్నాడులో గిటార్ పట్టిన కుర్రాళ్లలో చాలామంది అక్కడే నేర్చుకున్నారు. గిటార్ వైరు నేరుగా మిక్సర్‌లోకే పోతుంది. వేదిక మీద పెద్ద ఆంప్ పెడితే ముందు ఇబ్బంది పడేది ప్రార్థన చేసే పాస్టరుగారే.

ఇక ఉపాయాలు. మొదటిది మాస్టర్ వాల్యూమ్. ముందు దశను గెయిన్ నాబ్‌తో పూర్తిగా పగలగొట్టి, పవర్ దశకి వెళ్లేముందు తగ్గించడం. మార్షల్ 1970ల మధ్యలో 2203 మోడల్‌తో దీన్ని తన ఆంప్‌లకి తెచ్చింది. 1980ల మెటల్ సంగీతం చాలావరకు ఈ పగులు మీదే నడిచింది. ఆ రకం ధ్వని కావాలంటే మాస్టర్ వాల్యూమ్ చాలు, ఇంకేమీ కొనక్కర్లేదు. కావాల్సింది పాత బ్లూస్ తరహా లావుపాటి పగులైతే ఇది దొరకనివ్వదు, తగ్గించేకొద్దీ తేనెటీగల రొదలా సన్నబడుతుంది. నాబ్‌ని ఫేజ్ ఇన్వర్టర్ తర్వాతికి మారిస్తే ఆ దశ పగులు కూడా చేతికొస్తుంది. చేయి తిరిగిన మెకానిక్‌కి ఒక పూట పని, సామాను ఖర్చు చాలా తక్కువ. ఖర్చుకి తగ్గ ఫలితం చూస్తే నా ఓటు దీనికే. కాకపోతే ఆంప్ లోపల మూడు వందలు, నాలుగు వందల వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. తెలియనివాళ్లు మూత విప్పకూడదు.

ముందు పెడల్ పెట్టుకోవడం అందరికీ తెలిసిందే. ట్యూబ్ స్క్రీమర్ లాంటివి బాగానే ఉంటాయి, కానీ అది పెడల్ పగులు, ఆంప్‌ది కాదు. అంతకుమించి దాని గురించి చెప్పేదేం లేదు.

వోల్టేజి తగ్గించడం ఇంకో దారి. వాన్ హేలెన్ బృందం 1978 నాటి మొదటి రికార్డు ధ్వని వెనక, వోల్టేజిని తిప్పి మార్చే వేరియాక్ ఉందని తెలిశాక ప్రపంచమంతా దాని మీద పడింది. మన ఎలక్ట్రికల్ కొట్లలో డిమ్మర్‌స్టాట్ అంటే ఇస్తారు. ఆ బృందం గిటారిస్టు ఎడ్డీ మొదట్లో ఇంటర్వ్యూల్లో వోల్టేజి పెంచానని చెప్పాడు, నిజానికి చేసింది తగ్గించడం. ఆ మాట నమ్మి పెంచినవాళ్ల సెట్లు కాలిపోయాయి. తగ్గించడంలోనూ ప్రమాదం ఉంది. మొత్తం కరెంటు తగ్గిస్తే వాల్వు లోపల వేడి తీగకి అందాల్సిన 6.3 వోల్టులు కూడా పడిపోతాయి, కాథోడ్ చల్లబడి వాల్వు త్వరగా ముసలిదవుతుంది. తీగను ముట్టకుండా ప్లేటు వోల్టేజిని మాత్రమే తగ్గించే పవర్ స్కేలింగ్ పద్ధతి దీనికంటే చాలా మేలు. మన పల్లెల్లో వేసవి సాయంత్రాలు కరెంటే వోల్టేజి తగ్గించి పెడుతుంది. లైను 190కి పడితే ఆంప్ మెత్తగా, తియ్యగా పలకడం నేను విన్నాను. ఆ తీపికి మోజుపడి స్టెబిలైజర్ లేకుండా వదిలేస్తే మర్నాడు 260 వచ్చినప్పుడు ఏడవాలి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిపెట్టే ఆంప్‌ల గురించి ఇక్కడే ఒక మాట. అక్కడిది 120 వోల్టులు, 60 సైకిళ్లు. స్టెప్‌డౌన్ పెట్టి వోల్టేజి సరిచేసినా సైకిళ్లు 50గానే ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఇనుములో అయస్కాంత భారం ఐదో వంతు పెరుగుతుంది. మన ఎండకి అది తోడైతే చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. అక్కడే కొనేవాళ్లు 230, 50 రాసి ఉన్నదే అడగాలి.

ఎటెన్యుయేటర్ అంటే ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య కూర్చుని మిగులు శక్తిని వేడిగా కరిగించే పెట్టె. ఆంప్‌ని నీకు నచ్చినంత పగలనిచ్చి, తేలినదాంట్లో కొంత మాత్రమే స్పీకర్‌కి పంపుతుంది. బోస్టన్ బృందం టామ్ షోల్జ్ చేసిన పవర్ సోక్ 1980ల మొదట్లో దీన్ని ఇంటింటికీ తెచ్చింది. సూత్రం బంగారం, ఆచరణలో మెలిక ఉంది. స్పీకర్ మామూలు రెసిస్టర్ కాదు. ఎనిమిది ఓములని రాసి ఉన్నా, కింది స్థాయిలో అది కంపించే చోట ఆ అంకె ఎన్నో రెట్లు పెరుగుతుంది, పైస్థాయిలో కాయిల్ వల్ల మళ్లీ పెరుగుతుంది. పవర్ వాల్వులు ఆ ఎగుడుదిగుళ్లకి స్పందించే స్పీకర్‌కి తన గుణం ఇస్తాయి. చవక ఎటెన్యుయేటర్‌లో ఉండేవి వట్టి రెసిస్టర్లు, చదును నేల. ఆరు, ఎనిమిది డెసిబెల్ తగ్గించేదాకా తేడా పెద్దగా తెలియదు. ఇరవై దగ్గర దుప్పటి కప్పినట్టు మొద్దుబారుతుంది. కాయిల్‌తో సహా స్పీకర్ స్వభావాన్ని అనుకరించే రియాక్టివ్ రకాలు చాలా బాగుంటాయి, ధర ఒక్కోసారి ఆంప్ ధరతో పోటీపడుతుంది.

నేను మొదట ఎనిమిది ఓముల ఎల్-ప్యాడ్ అనే చవక ఎటెన్యుయేటర్ భాగం తెచ్చి సొంతంగా చేసుకుందామనుకున్నాను. మా ఊరి పాత మైక్ సెట్ల మెకానిక్ దగ్గరికి దాన్నీ ఆంప్‌నీ తీసుకెళ్లాను. వాల్వు సెట్ల కాలంలో పని నేర్చినాయన. ఎల్-ప్యాడ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత వాట్లది బాబూ ఇది?" అన్నారు. పదిహేను వాట్ల ఆంప్‌కి ఇరవైది చాలనుకున్నాను బాబాయ్ అన్నాను. తల అడ్డంగా ఊపారు. పగిలిన తరంగం చతురస్రంలా మారి, రాసినదానికి దాదాపు రెట్టింపు శక్తి తోస్తుందని ఆయన చెప్పాకే తెలిసింది. యాభైకి తక్కువ పెట్టొద్దన్నారు. తర్వాత స్క్రూడ్రైవర్ కొనతో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద తట్టి, "మా రోజుల్లో హారన్ వైరు ఊడింది చూడకుండా సెట్టు ఆన్ చేస్తే ఇది పోయేది. లోడ్ లేకుండా వాల్వు సెట్టు ఎప్పుడూ పలికించొద్దు నాయనా" అన్నారు. ఎల్-ప్యాడ్ లోపల తీగ తెగినా జరిగేది అదే. గిటార్ పుస్తకాలు నాలుగు పేజీల్లో చెప్పే జాగ్రత్త ఆయన హారన్ల నుంచి నేర్చుకున్నారు.

ఎటెన్యుయేటర్‌తో ఇంకో ఖర్చు ఉంది. బయటికి మోత లేకపోయినా లోపల ఆంప్ పూర్తి దమ్ముతో పనిచేస్తోంది, పవర్ వాల్వులు అంత వేగంగానూ అరుగుతాయి. ఒకప్పుడు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ మన రేడియోలకి వాల్వులు చేసేది. ఇప్పుడు రష్యా, స్లొవేకియా, చైనా ఫ్యాక్టరీల మీద ఆధారపడాలి, ధరలూ అలాగే ఉన్నాయి.

స్పీకర్ మార్చడాన్ని అందరూ తక్కువగా చూస్తారు. 100 డెసిబెల్ స్పీకర్ తీసి 94ది పెడితే ఆంప్ శక్తి నాలుగో వంతుకి తగ్గించినట్టే, ఒక్క దశ పగులు కూడా పోదు. స్పీకర్‌ది స్పీకర్ స్వరమే కాబట్టి ధ్వని మారుతుంది, చెడదు. ఇంటి కోసమే ఆంప్ వాడేవాళ్లు ముందు ఇది చేసి చూడాలి.

నాకు బాగా కలిసొచ్చింది పెట్టె. స్పీకర్‌ని మూసిన పెట్టెలో పెట్టి, ముందు మైక్ నిలబెట్టి, హెడ్‌ఫోన్‌లో వినడం. స్టూడియోల్లో పాత పద్ధతే. వాల్వు మొదలు స్పీకర్ పేపరు దాకా ప్రతి దశా తన పూర్తి పగులు ఇస్తుంది, ఏదీ వదులుకోనక్కర్లేదు. శబ్దాన్ని ఆపేది బరువు, గుంజుకునేది మెత్తదనం. రెండూ పల్నాడులో దొరికినంత సులువుగా ఇంకెక్కడా దొరకవు. అంగుళం మందం నాపరాయి చదరపు మీటరుకి అరవై కిలోలు దాటుతుంది. ఇంటి పనిలో మిగిలిన బండలు స్టోరు గదిలో నిలబెట్టి నాలుగు వైపులా, పైనా పేర్చాను. సందుల్లో రబ్బరు పట్టీ, లోపల రెండు పొరల పాత పత్తి బొంతలు. నాపరాయి ఒక్కటే అయితే లోపల బావిలో అరిచినట్టు మోగింది. బొంతలు వేశాక ఆ మోగు చచ్చింది, మరీ బిగించి కప్పితే ధ్వని కూడా చచ్చింది. స్పీకర్ వెనక జానెడు ఖాళీ వదిలి, ముందు వైపు ఒక పొర తీసేశాక కుదిరింది. లోపల పెట్టేది స్పీకర్ మాత్రమే, ఆంప్ బయటే ఉండాలి. వాల్వుల వేడీ పత్తీ ఒకచోట చేర్చకూడదు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో అరగంటకోసారి ఆపి కాయిల్ చల్లారనివ్వాలి. లోపం ఒకటే, ఎంత చేసినా కింది స్వరాల్లో కొంచెం డబ్బా మోత మిగిలింది. మిక్సర్‌లో తగ్గించుకుంటాను.

బండలు మోసే ఓపిక లేనివాళ్లకి లోడ్ బాక్స్ ఉంది. స్పీకరే లేకుండా, దాని గుణాన్ని కొలిచి భద్రపరిచిన ఇంపల్స్ రెస్పాన్స్ ఫైలు ద్వారా హెడ్‌ఫోన్‌కి పంపుతుంది. పవర్ వాల్వుల పగులు ఉంటుంది, స్పీకర్ వంపు ఉండదు. ఫైలు స్పీకర్ ఫొటో లాంటిది, గట్టిగా వాయించినా మెల్లగా వాయించినా ఒకే ముఖం. ఇంకో అడుగు వేస్తే వాల్వే లేని డిజిటల్ దారి. 1998లో వచ్చిన లైన్ 6 పాడ్ నుంచి కెంపర్ దాకా, ఇప్పుడు ఉచితంగా దొరికే న్యూరల్ ఆంప్ మోడలర్ దాకా. వీటిని చిన్నచూపు చూసే గిటారిస్టులతో నేను ఏకీభవించను. అద్దె ఇంట్లో ఉండి, ఇరవై వేల లోపు ఖర్చుతో నేర్చుకునే సత్తెనపల్లి కుర్రాడికి వాల్వు ఆంప్ కొనమని చెప్పడం అన్యాయం. ల్యాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్ చాలు. కళ్లు మూసుకుని వింటే రికార్డు అయిన ధ్వనిలో ఏది వాల్వో నేనూ చాలాసార్లు చెప్పలేకపోయాను. వేలికింద తెలిసే తేడా వేరే సంగతి, దాన్ని రికార్డు పట్టుకోదు.

అన్నీ సరిగ్గా చేసినా చెవి దగ్గర ఒక కోత మిగులుతుంది. 1933లో బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి కింది స్వరాలనీ బాగా పై స్వరాలనీ మధ్య స్వరాలకంటే ఎక్కువగా పోగొట్టుకుంటుంది. అంటే ఆంప్ ఇచ్చిన ధ్వనిని ఒక్క అణువు తేడా లేకుండా చిన్నది చేసినా నీకు వినబడేది వేరేదే. పొట్టమీద తగిలే గాలి దెబ్బా ఉండదు. ఎటెన్యుయేటర్ ధ్వనిని చంపిందని తిట్టేవాళ్లలో సగంమంది తిట్టాల్సింది తమ చెవిని. పెద్ద శబ్దం దగ్గర అమర్చిన బాస్, ట్రెబుల్ నాబ్‌లను చిన్న శబ్దానికి అలాగే ఉంచడం వల్ల వచ్చిన చిక్కు అది. మెల్లగా వాయించేటప్పుడు బాస్ కొంచెం పెంచి, గెయిన్ కొంచెం తగ్గించి, మొదటి నుంచి మళ్లీ అమర్చుకోవాలి. గెయిన్ తగ్గించడం వింతగా అనిపిస్తుంది గానీ, మెల్లటి ధ్వనిలో ఎక్కువ పగులు గరగర తప్ప ఇంకేమీ అనిపించదు. చెవికి జరిగే హాని సంగతీ చూడాలి. పనిచోట మోతకి అమెరికాలో నియోష్ సంస్థ పెట్టిన లెక్కలో 85 డెసిబెల్‌కి ఎనిమిది గంటలు హద్దు, 100కి పదిహేను నిమిషాలే. నా వెనక గదిలో ఆ మొదటి రోజు ఐదు నంబరు మీద హద్దు దాటడానికి రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది అదే పదిహేను వాట్ల ఆంప్. ఫేజ్ ఇన్వర్టర్ తర్వాత మాస్టర్ నాబ్, కొంచెం మందకొడి స్పీకర్, రాత్రిళ్లకి నాపరాళ్ల పెట్టె. నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం ఆంప్‌ని బండి మీద పెట్టుకుని మా మేనమామ చేలో మోటారు గదికి వెళ్తాను. ముందు మీటరు పెట్టి వోల్టేజి చూస్తాను, 210కి తక్కువైతే వెనక్కి వచ్చేస్తాను. బాగుంటే చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకుని, స్పీకర్‌ని పత్తి చేను వైపు తిప్పి, అన్ని అడ్డాలూ తీసేసి ఏడుకి తిప్పి పదినిమిషాలు వాయిస్తాను. ఏ నాబ్ ఎక్కడుందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటాను. రాత్రికి స్టోరు గదిలో ఆ గుర్తుల నుంచి మొదలుపెట్టి బాస్ కొంచెం అటు, గెయిన్ కొంచెం ఇటు జరుపుతూ కూర్చుంటాను. పిన్నిగారి వైపు గోడ మీద గ్లాసులు కదలవు.